ఒకే మెట్టు మీద రెండు గాంధారాలు

1939 నవంబరులో బ్రాడ్వేలో మొదలైన 'వెరీ వార్మ్ ఫర్ మే' 59 ప్రదర్శనలతో ముగిసిపోయింది. జెరోమ్ కెర్న్ బ్రాడ్వేకి కట్టిన చివరి మ్యూజికల్ అది. దాని కథేమిటని ఇప్పుడు ఎవరూ అడగరు. అందులోని ఒక్క పాట మాత్రం, 'ఆల్ ద థింగ్స్ యూ ఆర్', నాటకాన్ని వదిలిపెట్టి బయటికొచ్చి, ఎనభై ఏళ్ళు దాటినా ఇంకా తిరుగుతూనే ఉంది. జాజ్ వాయించేవాళ్ళు దాన్ని విప్పి చూస్తారు, తిరగేస్తారు, తనివితీరక మళ్ళీ ఎత్తుకుంటారు. మాటలు ఆస్కర్ హామర్‌స్టైన్‌వి. ఒక మనిషి తను ప్రేమించిన మనిషిని అందమైన వాటితో పోల్చుకుంటూ పోవడం, అంతే సంగతి. వరస కూడా మరీ కొరుకుడుపడనిదేం కాదు, వినగా వినగా గొంతుకు పట్టేస్తుంది. అలా పట్టుబడిన పాటను పియానో ముందు కూర్చుని, రెండు చేతులతో, ఎంత తడబడుతూనైనా సరే వాయించుకుంటూ పాడితే, దానిలోంచి ఇంకో పాట బయటపడుతుంది. నాకు చెప్పుకోవాలనిపించేది ఆ రెండో పాట గురించి.

అమెరికా కళాశాలల్లో మ్యూజికల్ థియేటర్ చదవబోయే పిల్లలు పదిహేడు, పద్దెనిమిదేళ్ళకే వేదిక ఎక్కి దిగినవాళ్ళు. పాడతారు, ఆడతారు, స్కూలు నాటకాల్లో వేషాలు కట్టి ఉంటారు. చాలామందికి పాటలన్నీ రికార్డులు విని వచ్చినవే. కాలేజీ తెరిచేలోపు కాస్త థియరీ, కాస్త పియానో నేర్చుకొమ్మని తెలిసినవాళ్ళు వాళ్ళకు చెబుతుంటారు. చాలా కోర్సుల్లో థియరీ, స్వరలిపి చూసి పాడడం, పియానో తరగతి ఉంటాయి గనక ఆ సలహా తెలివైనదే. పిల్లలు దాన్ని పరీక్షల గొడవగానే వింటారు. వాళ్ళ తప్పేం లేదు, చెప్పేవాళ్ళు చెప్పడమే అలా చెబుతారు. ఈ పాటల అందంలో సగం గాయకుల నోటికి అందని చోట, పియానో వాయించేవాళ్ళ ఎడమచేతి వేళ్ళ కింద ఉందని మాత్రం ఎవరూ చెప్పరు.

కెర్న్ పాటనే చూడండి. ఎఫ్ మైనర్ కార్డ్‌తో, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపుతో, మొదలవుతుంది. మంద్రంలో ఎడమచేయి ఎఫ్ మీద ఉంది. మరుసటి బారుకు, అంటే తర్వాతి తాళావర్తానికి, అది స నుంచి శుద్ధ మధ్యమానికి దూకినట్టు బి ఫ్లాట్‌కు వెళుతుంది. ఆ కొత్తచోటునే స అనుకుని, మళ్ళీ అక్కడి మధ్యమానికి, అంటే ఈ ఫ్లాట్‌కు. అక్కణ్ణించి ఏ ఫ్లాట్, ఆపైన డి ఫ్లాట్. నాలుగు దూకుళ్ళూ ఒకే కొలత. అయిదోదీ అలాగే పడుతుందని చెవి ఎదురుచూస్తుండగా, కెర్న్ రావలసిన చోటుకు అరమెట్టు పైన, జి మీద కాలు మోపి, చటుక్కున సి మేజర్‌లో తేలుతాడు. ఏ ఫ్లాట్ శ్రుతికి చెందిన పాట ఎనిమిది బార్లు నిండకుండానే ఎక్కడో దూరాన, తెల్లటి వెలుతురులో నిలబడి ఉంటుంది.

ఇంతసేపూ గొంతు ఏం చేస్తోంది? ఇంచుమించు ప్రతి కార్డ్‌లోనూ దాని గాంధారం మీద నిలుస్తోంది. స, ప లు ఏ వైపూ మొగ్గవు, మేజర్‌లోనూ అవే, మైనర్‌లోనూ అవే. సంతోషమో దిగులో తేల్చేది గాంధారం. అంతర గాంధారం పడితే మేజర్, సాధారణ గాంధారం పడితే మైనర్. కెర్న్ గాయనిని బారుబారుకూ ఆ తేల్చే స్వరం మీదే నిలబెట్టాడు. కింద నేల మారిపోతూ ఉంటుంది, ఆమె ప్రతిసారీ కొత్త నేల మనసును తడుముతూ ఉంటుంది. రికార్డు విని నేర్చుకున్న పిల్లకు ఇది తెలిసే దారి లేదు. ఆమెకు తెలిసినవి మెల్లగా దిగే కొన్ని పొడుగు స్వరాలు, వాటి మధ్య పైకి ఎగిరే ఒకటీ అరా. ఎడమచేత్తో కార్డ్ నొక్కిపట్టి, కుడిచేత్తో పాటలోని స్వరాన్ని తాకి, ఇదీ గాంధారమే, ఇదీ గాంధారమే అని తనంతట తాను కనుక్కున్న పూట ఆ పాట ఆమెది అవుతుంది.

అసలు ముచ్చట ఇంకా ముందుంది. పాట నడిమి భాగం జి మేజర్‌లో సాగి, అక్కణ్ణించి ఈ మేజర్‌కు జారుతుంది. గొంతు జి షార్ప్ మీద ఆగుతుంది. పియానో మీద మూడు నల్లమెట్ల గుంపులో నడిమిది. ఈ కి అది అంతర గాంధారం, నిండు వెలుగు. స్వరం అలా నిలిచి ఉండగానే ఎడమచేయి సి కార్డ్‌కు కదులుతుంది. మామూలు సి కార్డ్ అయితే పంచమం జి అవ్వాలి, కెర్న్ దాన్ని అరమెట్టు పెంచి ఆ నల్లమెట్టునే పంచమంగా ఒప్పించాడు. కాసేపు పాట ఎక్కడుందో చెవికి అంతుపట్టదు. మరుక్షణం ఎఫ్ మైనర్ వస్తుంది, పల్లవి వరస మళ్ళీ మొదలవుతుంది, మొదలయ్యేది అదే మెట్టు మీద. ఇప్పుడు దాని పేరు ఏ ఫ్లాట్. ఎఫ్‌కు అది సాధారణ గాంధారం. వేలు ఎత్తలేదు, గొంతు కదల్లేదు. కింద ఆధారం ఈ నుంచి ఎఫ్‌కు అరమెట్టు లేచింది, అంతే. తృప్తి కాస్తా ఆశగా మారిపోయింది. నిద్రపోతున్న బిడ్డ తల కింద నుంచి తల్లి తన చేయి తీసేసి దిండు పెట్టినంత నెమ్మదిగా మారిపోయింది.

కర్ణాటక సంగీతం తెలిసినవాళ్ళకు ఇది బొత్తిగా కొత్తదేం కాదు. పన్నెండు స్వరస్థానాలకు పదహారు పేర్లు పెట్టుకున్నవాళ్ళం, చతుశ్శ్రుతి రిషభం ఉన్నచోటే శుద్ధ గాంధారం కూడా ఉంటుందని ఎరిగినవాళ్ళం. ఆధార షడ్జాన్ని మార్చి ఒక రాగంలోంచి ఇంకో రాగాన్ని తొంగిచూసే గ్రహభేదమూ మనకుంది. కచేరీలో గ్రహభేదం విద్వత్తు చూపించే ఘట్టం, సభ మెచ్చుకోలుగా తలలూపుతుంది. కెర్న్ అదే పనిని ఒక ప్రేమపాట నడిమధ్యలో, ఎవరికీ చెప్పకుండా, ఒక్క ఊపిరిలో కానిచ్చేశాడు. థియేటరులో కూర్చున్నవాడికి కళ్ళు ఎందుకు చెమ్మగిల్లాయో తెలియదు. మాటల్లో ఆ చోట వియోగమేమీ లేదు. ఆనందవర్ధనుడు వాచ్యం ఒకవైపు, ధ్వని ఒకవైపు అని విడదీసి చూపించాడే, బ్రాడ్వే పాటలో వాచ్యం గొంతుది, ధ్వని ఎడమచేతిది. పాత్ర పైకి చెప్పేది ఒకటి, పియానోకు తెలిసింది ఇంకొకటి.

మన రంగస్థలంతో అసలు తేడా ఇక్కడే. పద్యనాటకంలో హార్మోనియం నటుడి వెంట నడుస్తుంది. కృష్ణుడు పద్యం చివర రాగం ఎత్తుకుంటే వాయించే ఆయన కళ్ళు నటుడి మీదే ఉంటాయి, ఆయన ఎక్కడికి పోతే వేళ్ళు అక్కడికి పోతాయి. సురభి నాటకం చూసినా అంతే, శ్రుతి ఇచ్చి తోడు నిలవడం వాద్యం ధర్మం. ఆ అందం ఆ పూటకు పుట్టి ఆ పూటకే పోయేది, దాన్ని తక్కువ చేసి మాట్లాడితే కళ్ళు పోతాయి. బ్రాడ్వేలో మాత్రం పక్కవాద్యాన్ని కూడా స్వరకర్త ముందే కూర్చుకుని కాగితం మీద పెడతాడు. అది నటిని అనుసరించదు. చాలాసార్లు ఆమెకంటే ముందుంటుంది. అది ఏమంటోందో వినిపించుకోని నటి, ఎదుటి పాత్ర మాటలు వినకుండా తన డైలాగులు అప్పజెప్పేసే నటితో సమానం.

కెర్న్ పాటను ఇలా విప్పి చూసిన శిష్యుల్లో అందరికంటే పేరు పడ్డవాడు స్టీఫెన్ సాండ్‌హైమ్. చిన్నప్పుడే హామర్‌స్టైన్ ఇంటి చుట్టూ తిరుగుతూ నాటకం పాటకు మాటలు ఎలా రాయాలో ఆయన దగ్గర నేర్చుకున్నాడు. విలియమ్స్ కళాశాలలో రాబర్ట్ బారో అనే సంగీతాచార్యుడు దొరికాడు. ఆయన పాఠం పొడిపొడిగా ఉంటుందని మిగతా పిల్లలకు గిట్టేది కాదట. సాండ్‌హైమ్‌కు మాత్రం ఆ పొడి మాటల్లోనే కళ్ళు తెరుచుకున్నాయి. సంగీతమంటే ఎక్కడో ఆకాశం నుంచి దిగివచ్చేది అనుకుంటున్న కుర్రాడికి, స కు ఒక్క అరమెట్టు కింద కూర్చుని పైకెక్కాలని తహతహలాడే కాకలి నిషాదం గురించి, దాన్నిబట్టి వాక్యం ఎలా కట్టుకోవచ్చో వినేసరికి, ఇది మనిషి ఆలోచించి చేసే పని అని తేలిపోయింది. 1950లో చదువు ముగిశాక మిల్టన్ బాబిట్ దగ్గర చేరాడు. బాబిట్ సంగీతం మామూలు శ్రోతకు అందనంత కఠినం. ఆ మనిషి ఈ కుర్రాణ్ణి కూర్చోబెట్టుకుని విప్పి చూపించినవాటిలో మోజార్ట్‌తోపాటు ఈ 'ఆల్ ద థింగ్స్ యూ ఆర్' కూడా ఉంది. శాస్త్రం రసాన్ని చంపుతుందని భయపడేవాళ్ళు ఆ గదిని ఒకసారి ఊహించుకోవాలి. ఇద్దరు మహా తెలివైన మనుషులు, ఒక ఆడని నాటకంలోని ప్రేమపాట, ఇన్ని శ్రుతులు తిరిగినా ఇది చెదిరిపోకుండా ఎలా నిలిచిందన్న విస్మయం.

థియరీ రాకుండా గొప్ప పాటలు రావా అంటే, వచ్చాయి. ఇర్వింగ్ బెర్లిన్‌కు స్వరలిపి చదవడం రాదు. నల్లమెట్ల శ్రుతి అయిన ఎఫ్ షార్ప్‌లోనే వాయించేవాడు. ఆయన పియానోకు ఒక మీట ఉండేది, అది తిప్పితే వేళ్ళు ఉన్నచోటే ఉండి శ్రుతి మారేది. 'ఆనీ గెట్ యువర్ గన్' పాటలు కట్టింది ఆయనే. కానీ రాసిపెట్టే సహాయకుడు వాయించి చూపించిన కార్డ్ తన మనసులోది కాకపోతే ఒప్పుకునేవాడు కాదు. పేరు తెలియకపోయినా స్వరం తెలుసు. అలాంటి చెవి పుట్టుకతో వచ్చినవాళ్ళకు నా వ్యాసంతో పనిలేదు.

సాండ్‌హైమ్ మాటలు రాసిన 'వెస్ట్ సైడ్ స్టోరీ' 1957లో, ఆయనకు ఇరవై ఏడేళ్ళప్పుడు, రంగం ఎక్కింది. సంగీతం లెనార్డ్ బెర్న్‌స్టైన్‌ది. కథానాయకుడు టోనీ అప్పుడే చూసిన అమ్మాయి పేరును నోట్లో తిప్పుకుంటూ పాడే పాట 'మరియా'. ఆ పేరులోని మూడు అక్షరాలకు మూడు స్వరాలు: స, ప్రతి మధ్యమం, ప. మన చెవికి కల్యాణి పిలిచినట్టుంటుంది. పాశ్చాత్యుల చెవికి ఆ మొదటి దూకుడు ట్రైటోన్, స్థాయిని సరిగ్గా రెండుగా చీల్చే దూరం, ఇటూ అటూ కాక నిలవలేని స్వరం. మెట్లమీద లెక్కపెడితే ఆరు అరమెట్లు ఇటు, ఆరు అటు. ఆ నిలవలేనితనాన్ని బెర్న్‌స్టైన్ అరమెట్టు పైకెక్కించి పంచమంలో పడుకోబెట్టాడు. వలపు పుట్టడమంటే ఇదే కదా. ఆ నాటకంలోనే 'కూల్' అనే పాటలో, పగతో రగిలే కుర్రాళ్ళు తమను తాము అదుపు చేసుకుంటున్నప్పుడు, సరిగ్గా ఈ మూడు స్వరాల ఎడమే మళ్ళీ వినిపిస్తుంది. ప్రేమకూ కత్తికీ ఒకే బీజం! నాటకం చివర, టోనీ శవాన్ని మోసుకువెళుతుంటే, పైన మేజర్ కార్డ్ శాంతి పలుకుతుండగా కింద మంద్రంలో ఆ ట్రైటోన్ తగులుతుంది. కథ ముగిసింది, పగ ముగిసిందో లేదో సంగీతం మాట ఇవ్వదు. ఇది తెలిసి టోనీ వేషం వేసేవాడు రెండో అక్షరం మీద నుంచి జారిపోడు. ప్రతి మధ్యమం మీద ఓ క్షణం తట్టుకుని నిలబడతాడు. తెలియనివాడికి అది మూడో స్వరానికి పోయే దారి మాత్రమే.

అదే నాటకంలోని 'అమెరికా' పాట లయ మనవాళ్ళకు ఇట్టే పట్టుబడుతుంది. ఒక బారు తకిట తకిట, మరుసటి బారు తక తక తక. రెండింటికీ ఆరే మాత్రలు. కాళ్ళు ఎందుకు ఆగవో అర్థం కావడానికి ఇంతకు మించి వివరణ అక్కర్లేదు.

అమెరికాలో పెరిగే తెలుగు పిల్లల్లో వారాంతాల్లో కర్ణాటక సంగీతం క్లాసుకు వెళ్ళేవాళ్ళున్నారు. అలాంటి పిల్లలు ఈ మ్యూజికల్ థియేటర్ చదువువైపు వస్తే సగం థియరీ చేతిలో పట్టుకుని వచ్చినట్టే. సి మేజర్ అంటే శంకరాభరణమని గంటలో తెలిసిపోతుంది. ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు వరసలు విని ఆ రాగంలోనే సంస్కృత సాహిత్యం పెట్టి నొట్టుస్వరాలు కట్టారు గనక ఆ దారి ఎప్పుడో పడింది. తాళం లెక్క కూడా వాళ్ళకు నీళ్ళప్రాయం. చిక్కంతా ఎక్కడంటే, పక్కవాళ్ళు ఇంకో స్వరం పాడుతుంటే తన స్వరం పట్టుకుని నిలవడంలో. మన శిక్షణలో పదిమంది పాడినా స్వరం ఒకటే. 'లే మిజరాబ్ల్'లో 'వన్ డే మోర్' పాటకు వచ్చేసరికి ఒకరు విడిపోతున్నందుకు ఏడుస్తారు, ఒకరు తిరుగుబాటుకు పిలుస్తారు, ఒకరు దోచుకోవడానికి లెక్కలు వేస్తారు, అన్నీ ఒకేసారి, ఎవరి వరస వారిదే. అందులో నడిమి గొంతు పాడే పిల్ల తన వరసను ముందు పియానో మీద ఒంటరిగా వాయించుకుని, తర్వాత ఎదుటి వరసను వాయిస్తూ తనది పాడి, చివరికి రెండూ ఢీకొనే చోట కలిగే ఆ సన్నటి గగుర్పాటును ఇష్టపడడం నేర్చుకోవాలి. మొదట్లో అది అపశ్రుతిలా ఉంటుంది. తర్వాత అది లేకపోతే చప్పగా ఉంటుంది.

కళాశాల ప్రవేశానికి జరిపే ఆడిషన్ గదిని కూడా నేను రంగస్థలంగానే చూస్తాను. చాలాచోట్ల అడిగేది పదహారు బార్లో, ముప్పై రెండో. ముక్కూ ముఖం తెలియని పియానో ఆయన ముందు కాగితాలు పెట్టి, ఎక్కడ మొదలో ఎక్కడ ముగింపో చూపించి, వరసను మెల్లగా కూనిరాగం తీసి వేగం చెప్పాలి. చిటికెలు వేసి చెప్పడం అక్కడ మర్యాద కాదు. పాటను ఎక్కడ కోయాలో తెలియాలంటే వాక్యం ఎక్కడ తీరుతుందో, ఏ కార్డ్ దగ్గర ఊపిరి దిగుతుందో తెలియాలి. తెలియనివాళ్ళు కోసిన పాటలో పియానో ఒక శ్రుతిలో ముగించి, గొంతు ఇంకో శ్రుతిలో ఎత్తుకోవలసి వచ్చి, పాపం ఆ పియానో ఆయన ముఖం చూడలేం. తెలిసి కోసిన పాట అలా కాదు. ఆయన మొదటి రెండు బార్లు వాయించేలోపే ఆ పిల్ల కళ్ళల్లో పాత్ర వచ్చి కూర్చుంటుంది, ఎందుకంటే ఆ రెండు బార్లు ఏమంటున్నాయో ఆమెకు తెలుసు.

ఇంత చెప్పాక 'సెండ్ ఇన్ ద క్లౌన్స్' దగ్గర ఆగకుండా పోలేను. 1973లో వచ్చిన 'ఎ లిటిల్ నైట్ మ్యూజిక్' కోసం సాండ్‌హైమ్ కట్టినది. డిజిరే అనే నటి, వయసు మళ్ళుతున్న వేళ, ఒకప్పుడు తను కాదన్నవాణ్ణి ఇప్పుడు కావాలనుకుంటుంది. అతనికి ఇప్పుడు వీలు లేదు. ఆ వేషం వేసిన గ్లినిస్ జాన్స్‌ది వెండిలా మెరిసే గొంతే గానీ స్వరాన్ని ఎక్కువసేపు నిలపలేదు. అందుకని సాండ్‌హైమ్ పాటనంతా చిన్నచిన్న ముక్కలుగా, ప్రశ్నలుగా కట్టాడు. ప్రశ్న అడిగి ఆగవచ్చు, ఊపిరి పీల్చుకోవచ్చు. గొంతు లోపం పాత్ర స్వభావమైపోయింది: ఒక్క వాక్యం కూడా నిండుగా చెప్పలేని అభిమానం.

దాని బార్లు లెక్కపెట్టి చూడండి. ఒక బారులో నాలుగు తకిటలు, ఇంకో బారులో మూడే. పాట పొడుగునా ఈ నాలుగూ మూడూ మారుతూ వస్తాయి. పియానో ఊయల ఊగినట్టే ఊగుతుంది, వినేవాడు ఆ ఊపుకు అలవాటు పడతాడు, అంతలో ఒక తకిట ఉండవలసిన చోట ఉండదు. ఆమె నవ్వుతూనే మాట్లాడుతోంది, మాటల్లో ఎక్కడా తడబాటు లేదు. లోపించిన ఆ మూడు మాత్రల్లోనే ఆమె ఎంత పోగొట్టుకుందో ఉంది. కరుణాన్ని ఇంత పొదుపుగా వాడిన పాట నేను ఇంకొకటి వినలేదు. గొప్ప గొంతున్న గాయకులు కచేరీల్లో దీన్ని ఎత్తుకుని, ఆ కురచ బార్లను కూడా సాగదీసి, అన్నీ సమానం చేసి, చివర ఒక పొడుగు స్వరంతో చప్పట్లు కొట్టించుకుంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎడమచేత్తో ఆ తకిటలు ఒకసారి తప్పుల్లేకుండా వాయించిన పిల్ల, గొంతు ఎంత చిన్నదైనా, ఆ పని చేయలేదు.